గోధుమల గుంట

మీలో పల్లెలనుండి వచ్చువారు పశువుల సంతను చూచియే యుందురు. ఎద్దును అమ్మవచ్చిన రైతును, కొనవచ్చిన రైతును దళారి ఒకచోటికి చేర్చి, తన భుజముమీది తువ్వాలును తీసి చేతులమీద కప్పును. తువ్వాలు క్రింద వ్రేళ్లు కదలును. ఒకరు తల అడ్డముగా త్రిప్పుదురు. మరల వ్రేళ్లు కదలును. చుట్టును నిలిచినవారికి ఒక్క అంకెయు వినబడదు. బేరము కుదిరిన పిమ్మట కూడ, ఎంతకు కుదిరినదో ఆ ముగ్గురికే తెలియును.

దీనికి పూర్తిగా విరుద్ధమైన బేరమొకటి అమెరికా దేశమున షికాగో నగరమందు నూరేండ్లకు పైగా సాగినది. అక్కడి ధాన్యపు వర్తక సంఘముయొక్క పెద్ద హాలులో మెట్లు మెట్లుగా దిగిన ఎనిమిది కోణముల గుంటలుండెడివి. వర్తకులు ఆ మెట్లమీద క్రిక్కిరిసి నిలిచి, గొంతు చించుకొని అరచుచు, చేతులెత్తి వ్రేళ్లు చూపుచు గోధుమలను, మొక్కజొన్నలను అమ్ముచు కొనుచు ఉండెడివారు. అరచేయి తనవైపు త్రిప్పి చూపినవాడు కొనువాడు. ఎదుటివారివైపు త్రిప్పి చూపినవాడు అమ్మువాడు. ఒకరు పలికిన ధర అందరికిని వినబడవలెను. అదియే అక్కడి కట్టుబాటు. ఆ గుంటను వారు ‘పిట్’ అనిరి. ఆ కోలాహలమును కాగితపు ముక్కలలోనికి దింపి, పిల్లలును పెద్దలును కొద్ది నిమిషములలో ముగించుకొనదగిన ఆటగా చేసినవారున్నారు. ఆటకును ‘పిట్’ అనియే పేరు పెట్టిరి.

పేకాట యనగానే మీ యింటి పెద్దలు కనుబొమలు ముడివేయుదురేమో. భయపడ నక్కరలేదు. ఇందు పందెము లేదు. రాజు, రాణి లేరు. తంటసమా చేతిలో డబ్బే లేదు.

ఈ ఆటముక్కలమీద పంటల బొమ్మలుండును. 1904వ సంవత్సరమున వెలువడిన పెట్టెలో ఏడు పంటలుండెను: గోధుమ, బార్లీ, మొక్కజొన్న, రై, ఓట్సు, ఎండుగడ్డి, అవిసె. రై, ఓట్సు అనునవి చలిదేశపు ధాన్యములు. ఒక్కొక్క పంటకు తొమ్మిది ముక్కలు. ఒక్కొక్క పంటకు ఒక విలువ ముక్కమీదనే అచ్చువేసియుండును: గోధుమకు 100, బార్లీకి 85, మొక్కజొన్నకు 75, రైకి 70, ఓట్సుకు 60, ఎండుగడ్డికి 50, అవిసెకు 40. ఎందరు ఆడుచున్నారో అన్ని పంటలనే ఎంచుకొందురు. నలుగురైనచో నాలుగు పంటలు, 36 ముక్కలు. వానిని బాగుగ కలిపి తలకు తొమ్మిదేసి పంచుదురు.

ఇక్కడినుండియే ఈ ఆట తక్కిన పేకాటలనుండి వేరగును. ఇందు వంతులు లేవు. ఆట మొదలైనదనగనే అందరును ఒక్కమారే బేరమునకు దిగుదురు. మీకు అక్కరలేని ముక్కలను ఒకటి మొదలు నాలుగు వరకు తీసి, బోర్లించి పట్టుకొని, “రెండు! రెండు!” అనియో, “మూడు! మూడు!” అనియో కేకవేయవలెను. అవి యన్నియు ఒకే పంటవై యుండవలెను. కాని ఏ పంటయో చెప్పరాదు. అన్నే ముక్కలు మార్చుకొనదలచిన మరియొకరు చేయి చాపుదురు. మీ రెండు వారికి, వారి రెండు మీకు. వచ్చినవి ఏవో త్రిప్పి చూచుకొనువరకు ఇద్దరికిని తెలియదు. ఇట్లు మార్చుకొనుచు మార్చుకొనుచు, ఒకే పంట తొమ్మిది ముక్కలను ఎవరు ముందుగా చేర్చుకొందురో వారు ఆ పంట పేరు చెప్పి కేకవేయుదురు. ఆ చుట్టు వారిదే. ఆ పంట విలువ వారి లెక్కలో చేరును. మొదట 500 చేరినవారు ఆట గెలిచినట్లు.

సరుకునంతటిని ఒక్కరే చేజిక్కించుకొనుటను ఇంగ్లీషువారు ‘కార్నరు’ అందురు. కార్నరనగా మూల, సరుకునంతయు తన మూలకు చేర్చుకొనుట యని భావము. మనము దానిని గుత్త యందము.

ఆటకు మరికొంత కారము కలుపుటకు మరి రెండు ముక్కలున్నవి. ఒకదానిమీద ఆబోతు, రెండవదానిమీద ఎలుగుబంటి. ధర పెరుగునని కొనువానిని ఆబోతనియు, ధర పడునని అమ్మువానిని ఎలుగుబంటియనియు అంగడిభాషలో పిలుచుట లండను నగరమున 18వ శతాబ్దపు మొదటి భాగముననే వాడుకలోనికి వచ్చినది. ఎలుగుబంటిని పట్టకముందే దాని చర్మమును అమ్మినవానినిగూర్చిన సామెతనుండి ఆ రెండవ పేరు పుట్టినదందురు. ఆటలో ఆబోతుముక్క చేతనున్నవాడు దానిని తనకు తక్కువైన ఒక ముక్కకు బదులుగా వాడుకొనవచ్చును. కాని వేరొకరు గెలిచినప్పుడు అది చేతిలో మిగిలిపోయినచో 20 పోవును. ఎలుగుబంటి వలన లాభమేమియు లేదు. చేతిలో మిగిలినచో దానికిని 20 పోవును. కావున ఎలుగుబంటి చేతికి వచ్చినవాడు దానిని ఎవరికైన అంటగట్టువరకు నిద్రపోడు. “ఒకటి! ఒకటి!” అని ఒక్క ముక్కకొరకే ఆత్రముగ అరచువానిని చూచినప్పుడు అనుభవము గలవారు చేయి వెనుకకు తీసికొందురు.

మొన్నటి వేసవి సెలవులలో మా యింటికి చేరిన నలుగురు పిల్లలకు నేనీ యాట నేర్పితిని. షికాగోనుండి పెట్టె తెప్పించు శక్తి లేక, పాత శుభలేఖలను కత్తిరించి 36 ముక్కలు చేసితిమి. ఓట్సు, రై మా పిల్లలెరుగరు గనుక, మిరప, పసుపు, ప్రత్తి, వరి అని వ్రాసితిమి. విలువలు నిర్ణయించుట కొక పూట పట్టినది. మిరపకు 100 అనుటలో అందరును ఏకీభవించిరి. వారి తండ్రులు గుంటూరు మిరపయార్డు ధరలను గూర్చి మాటలాడుట వారు నిత్యము వినుచున్నదే. పసుపుకు 85, ప్రత్తికి 75 వచ్చినవి. వరికి 40 యే దక్కినది. “దినమునకు రెండు పూటల తినునది అదియే కదా, దానికే అన్నిటికంటె తక్కువయా?” అని నేనడిగితిని. “అంతటను దొరకుదానికి విలువ యేమి?” అని పెద్దవాడు బదులు చెప్పెను. అర్థశాస్త్ర పండితులు పుటలకొలది వ్రాసిన సంగతిని వాడొక్క మాటలో తేల్చివేసెను.

ఆట మొదలైనది. చాపమీద కూర్చున్నవారు మోకాళ్లమీదికి లేచిరి. వంటయింటిలోనివారు ఏదో కొట్లాట యనుకొని పరుగెత్తి వచ్చిరి. పెద్దవాని చేతికి మొదటనే నాలుగు మిరపముక్కలు వచ్చినవి. వాడు మిరపకే పట్టుపట్టెను. వాని చెల్లెలి చేతను మూడు మిరపలున్నవి. ఆమెయు మిరపకే పట్టుపట్టెను. ఇద్దరును తమ చేతనున్న మిరపను విడువరు. కావున ఇద్దరికిని తొమ్మిది చేరవు. ఎదుటివాడు విడువడని పెద్దవానికి తెలియదు, ఆమెకును తెలియదు. ముక్కలు బోర్లించియున్నవి కదా! ఎన్నిమార్లు మార్చినను మిరప రాకుండుటయే వారికి దొరకిన ఆధారము. ఆ ఆధారమును వారు లెక్కచేయలేదు. ఈలోగా వరిముక్కలు చేతినుండి చేతికి తిరుగుచుండెను. ఎవరికిని అక్కరలేనివి గనుక ఎల్లరును వానినే ఇచ్చుచుండిరి. ఎనిమిదేండ్ల చిన్నవాడు తానిచ్చిన వరిముక్కలే మరల తన చేతికి వచ్చుట రెండుమార్లు చూచి, మూడవమారు ఇచ్చుట మానివేసెను. తన ప్రత్తిని, పసుపును వదలుకొని, వచ్చిన వరినంతయు దాచుకొనెను. రెండు నిమిషములు గడచునప్పటికి “వరి!” అని అరచి, తొమ్మిది ముక్కలను చాపమీద పరచెను. మిరపకు కాచుకొన్న ఇద్దరి చేతులలోను ఒకరికి ఐదు, ఒకరికి నాలుగు మిరపలు మిగిలిపోయినవి.

ఈ యాటలో నేర్పంతయు ఈ చిన్నవాడు చేసిన పనిలోనే యున్నది. ఎదుటివారి చేతులు కనబడవు. కాని వారు విడుచునదియు, విడువనిదియు క్రమముగ తెలియవచ్చును. ఏది తేలికగ వచ్చుచున్నదో దానిని ఇతరులు కోరుటలేదు. ఏది ఎంతకును రాదో దానిని ఎవరో పట్టుకొని కూర్చున్నారు. మొదట తలచిన పంటనే పట్టుకొని వ్రేలాడువాడు తరచుగ ఓడును. మనసు మార్చుకొనగలవాడు తరచుగ గెలుచును. అట్లని క్షణక్షణమును మార్చువాడును ఓడును. వాని చేతిలో అన్ని పంటలును తలా రెండు చొప్పున మిగిలియుండును. ఎప్పుడు పట్టవలెను, ఎప్పుడు విడువవలెను అనునది పుస్తకము చెప్పలేదు. నలుగురు కేకలు వేయుచుండగా, ఆలోచించుకొనుటకు తీరిక లేకుండగా నిర్ణయింపవలెను. అందుకే దాదాపు పదియేండ్ల పిల్లలకును, వారి తాతలకును ఈ యాటలో సమానమైన అవకాశమున్నది. తాతలకు అరచుట కొంచెము కష్టము.

గెలిచిన చిన్నవాడు తన తొమ్మిది ముక్కలను గర్వముగ చూచుకొనుచు, “వరి యంతయు నా దగ్గరనే యున్నది. ఇప్పుడు మీరేమి తిందురు?” అని అడిగెను. “ఆటలో ఎవరును తినరు” అని వాని యక్క విసుగుకొని ముక్కలు కలుపసాగెను.

పిల్లవాడు నవ్వుటకు అడిగిన ఈ ప్రశ్నకు జవాబు షికాగో నగర చరిత్రలో నున్నది.

అమెరికాలో ఇల్లినాయి మొదలగు రాష్ట్రముల మైదానములందు ధాన్యము విస్తారముగ పండును. 1848వ సంవత్సరమున షికాగోకు ఒక కాలువ త్రవ్వకము పూర్తియైనది. ఆ యేడే అక్కడి ధాన్యపు వర్తక సంఘము ఏర్పడినది. పంట కోయగనే రైతులందరు ఒక్కసారిగ ధాన్యము తెచ్చెడివారు. ధర పడిపోవును. చలికాలమున సరస్సులు గడ్డకట్టి పడవలు నిలిచిపోవును. వేసవి ముందర ధాన్యము కరవై ధర మిన్నంటును. ఈ చిక్కు తీర్చుటకు వర్తకులొక ఉపాయము కనిపెట్టిరి. “రాబోవు జూనులో 3,000 బుషెళ్ల మొక్కజొన్న ఈ ధరకు ఇత్తును” అని ముందుగనే ఒప్పందము వ్రాసికొనుట. 1851 మార్చిలో వ్రాసికొన్న అటువంటి ఒప్పందము మొదటివానిలో నొకటిగ చెప్పబడుచున్నది. గోధుమ లెక్కలో బుషెలనగా సుమారు 27 కిలోలు. ఒప్పందమువలన అమ్మువానికి ధర పడునను భయము లేదు. కొనువానికి ధర పెరుగునను భయము లేదు. మంచి యేర్పాటే.

కాని ఒప్పందము కాగితము గదా! కాగితము చేతులు మారసాగెను. ధర పడునని నమ్మినవాడు, తన కొట్టులో గింజయైన లేకున్నను, “డిసెంబరులో ఇత్తును” అని అమ్మవచ్చును. డిసెంబరులో చౌకగ కొని ఇచ్చివేయవచ్చునని వాని యెత్తు. ఇదియే ఎలుగుబంటి వర్తకము. ఇప్పుడు గుత్త యెట్లు పట్టుదురో చూడుడు. ఒకడు రహస్యముగ ఒప్పందములన్నియు కొనుచు, అదేకాలమున కొట్లలోని అసలు ధాన్యమును కూడ కొనివేయును. గడువు వచ్చును. ధాన్యము ఇత్తుమన్నవారు అంగడిలో వెదకుదురు. ధాన్యమంతయు వానియొద్దనే యున్నది! వానియొద్ద వాడడిగిన ధరకు కొని, మరల వానికే ఇయ్యవలెను. 1888 సెప్టెంబరులో హచిన్సను అను వృద్ధ వర్తకుడు ఈ విధముగనే బుషెలు గోధుమకు రెండు డాలర్లు రాబట్టెను.

అంతకంటె ప్రసిద్ధమైన గుత్త జోసెఫ్ లైటరు అను యువకునిది. అతడు షికాగోలోని గొప్ప ధనికుని కుమారుడు. (అతని చెల్లెలు మేరీ లైటరు 1895లో కర్జను ప్రభువును పెండ్లాడి, 1899లో మన దేశపు రాజప్రతినిధి భార్య యైనది.) 1897లో లైటరు గోధుమ కొన మొదలిడెను. అప్పుడు బుషెలు ధర డాలరు లోపుననే యుండెను. ఆ యేడు ఐరోపా దేశములలో పంట చెడినది. మన దేశమున 1896-97లో క్షామము వచ్చియుండెను. ఇక్కడినుండియు గోధుమ పోవు దారి లేదు. ప్రపంచమునకు అమెరికా గోధుమయే దిక్కని లైటరు గ్రహించెను. అతని లెక్క తప్పు కాదు.

అతనికి గోధుమ ఇత్తుమని ఒప్పుకొన్నవారిలో ఫిలిప్ ఆర్మరు ఒకడు. మాంసపు వర్తకమున కోటీశ్వరుడై, ధాన్యపు కొట్లు కూడ కట్టించినవాడు. డిసెంబరు గడువు దగ్గరపడుచున్నది. షికాగోలో గోధుమ లేదు. దూరమున, ఉత్తరపు సరస్సుల రేవులలో నున్నది, సరస్సులు గడ్డకట్టుచున్నవి. ఇక ఆర్మరు చిక్కినట్లే యని అందరు తలచిరి. ఆర్మరు మంచును పగులగొట్టుటకు పొగయోడలను పంపెను. అవి దారి చేయుచుండగా వెనుకనే ఓడలు లక్షలకొలది బుషెళ్ల గోధుమతో షికాగో చేరినవి. గడువులోపల లైటరు వాకిట ధాన్యము గుట్టలు పడినది. అతడు వెల యిచ్చి తీసికొనక తప్పలేదు. చీట్లమీది గోధుమను కొనుట వేరు, ఓడలమీద వచ్చిన గోధుమను కొనుట వేరు అని అతనికి తెలిసివచ్చినది.

ఐనను అతడు ఆగలేదు. 1898 ఏప్రిలులో అమెరికాకును స్పెయినుకును యుద్ధము వచ్చెను. ధర ఇంకను ఎగబ్రాకెను. మే నెలలో బుషెలు 1.85 డాలర్లు పలికినది. ఆనాడే అమ్మి బయటపడియున్నచో లైటరు పేరు వేరుగ నుండెడిది. జూనులో క్రొత్త పంట విరగబండుచున్నదను వార్త వచ్చెను. ధర కూలెను. అతని నష్టము కోటి డాలర్లకు దరిదాపుగ నుండునని అంచనా వేసిరి. అప్పులు తండ్రి నెత్తిన పడినవి. మా పెద్దపిల్లవాడు మిరపను విడువకపోయినట్లే లైటరును గోధుమను విడువలేదు. భేదమేమనగా మా వాడు మరల ముక్కలు కలిపి పంచుకొనెను.

అదే మే నెలలో ఇటలీ దేశపు మిలాను నగరమున ఏమి జరిగినదో షికాగో గుంటలోనివారు తంతివార్తలలో చదివియుందురు. రొట్టె ధర పెరిగిపోయినది. అర్ధాకలితోను, ప్రభుత్వముపై ఇతరములైన ఆగ్రహములతోను పనివారు వీధులకెక్కిరి. సైన్యము ఫిరంగులు పేల్చెను. ప్రభుత్వపు లెక్కప్రకారమే ఎనుబదిమంది పౌరులు మరణించిరి. ఆ రక్తమునంతయు లైటరు తలకు చుట్టుట న్యాయము కాదు. పంట చెడుట, యుద్ధము, దిగుమతి సుంకములు, అన్నియు కలిసి ఆ ధర చేసినవి. కాని అందరు గోధుమకొరకు అలమటించుచున్న యేట, ఉన్న గోధుమను ఒకచోట బిగబట్టినవానికి అందు భాగము లేదని చెప్పుటయు కష్టమే. అతడు మిలాను పనివానిని ఎన్నడును చూడలేదు. గుంటలో చేతులెత్తి అరచువారిలో అటువంటివా డొక్కడును ఉండడు.

ఈ సంగతి మనసున నాటుకొన్న రచయిత ఒకడుండెను. ఫ్రాంక్ నారిస్ అని పేరు. గోధుమనుగూర్చి అతడు మూడు నవలలు వ్రాయ సంకల్పించెను. మొదటిది గోధుమను పండించువారిని గూర్చినది, 1901లో వెలువడినది. రెండవది షికాగోలో గోధుమను అమ్ముచు కొనువారిని గూర్చినది. దానికి ‘ది పిట్’ అనియే పేరు, లైటరు కథయే దానికి ఆధారము. మూడవది, కరవు వాతబడిన ఐరోపా పల్లెలో ఆ గోధుమను తినువారిని గూర్చి వ్రాయవలెనని అతని యూహ. రెండవ పుస్తకము 1903లో అచ్చై బయటికి వచ్చునాటికి నారిస్ లేడు. 1902 అక్టోబరులో, 32 ఏండ్ల వయసున, మరణించెను. మూడవ పుస్తకము వ్రాయబడనే లేదు.

ఆ నవల వెలువడిన మరుసటి యేడే పార్కరు సోదరుల సంస్థ మన ఆటముక్కల పెట్టెను అచ్చువేసి అమ్మినది. ఆట నెవరు మొదట కల్పించిరనుటలో వాదములున్నవి. కాన్సాసు రాష్ట్రమున టొపీకా పట్టణమందు గావిట్ అను ముద్రాపకుడు 1903లోనే ఇటువంటి ఆటను అమ్మెను. అతని ముక్కలమీద ధాన్యములకు బదులు రైలు కంపెనీల పేర్లుండెను. కెంటకీ రాష్ట్రమున పుస్తకముల దుకాణమందు పనిచేయుచుండిన ఎడ్గార్ కేసీ అను యువకుడు కల్పించి పంపగా, సంస్థవారు తమదిగ అచ్చువేసికొనిరని అతని జీవితచరిత్రలు చెప్పుచున్నవి. ఏదియెట్లున్నను ఆట వెంటనే జనాదరణము పొందినది; నూటయిరువది యేండ్లు దాటినను నేటికిని అచ్చగుచున్నది. తరువాతి పెట్టెలలో అవిసె, ఎండుగడ్డి పోయి కాఫీ, చక్కెర, నారింజ మొదలగునవి చేరినవి. ఆట మొదలుపెట్టుటకు మ్రోగించు చిన్న గంటను కూడ కొన్ని పెట్టెలలో నుంచిరి.

అసలు గుంటలు మాత్రము ఆటకు ముందే మూతపడినవి. గుత్తపట్టుటను అమెరికా ప్రభుత్వము 1936నాటి చట్టముచే నేరముగ జేసినది. పిమ్మట కంప్యూటర్లు వచ్చినవి. కేకలు వేయుటకంటె మీట నొక్కుట త్వరితము, చౌక. 2015 జులైలో షికాగోలోని ధాన్యపు ఒప్పందముల గుంటలను మూసివేసిరి. మనవైపునను వ్యవసాయ మార్కెట్టు యార్డులలో ధరలు కంప్యూటరు తెరలమీద పడుచున్నవి. ఒకనాటి షికాగో వర్తకులవలె గొంతు పోవునట్లు అరచి బేరమాడువారిని చూడవలెనన్నచో, నేడు ఈ ముక్కలాట ఆడు పిల్లలను చూడవలసినదే.

మా పిల్లలకు లైటరు కథ చెప్పితిని. మరునాడు చిన్నవాడు మిగిలిన శుభలేఖనుండి ముప్పదియేడవ ముక్కను కత్తిరించి తెచ్చెను. దానిమీద ‘తినువాడు’ అని వ్రాసెను. ఇక దానికి నియమమేమి? ఎవరైన వరి గుత్తపట్టినచో ఈ ముక్క గలవానికి రెండు వరిముక్కలు ఇచ్చివేయవలెనని వాడనెను. “అట్లయిన ఎవరికిని తొమ్మిది నిలువవు, ఆట ముగియనే ముగియదు” అని పెద్దవాడు అడ్డుపడెను. గెలిచినవాని విలువలో సగము ఆ ముక్క గలవానికి చెందవలెనని అక్క యనెను. ఆ విధముగ ఒక చుట్టు ఆడిచూచిరి. అందరును ఆ ముక్కనే దాచుకొనుటకు ప్రయత్నించిరి, బేరము సాగలేదు. మరల పాత ఆటయే మొదలైనది. క్రొత్త ముక్కను చిన్నవాడు పారవేయనీయలేదు. అది తక్కినవానితోపాటు పెట్టెలోనే యున్నది; పంచునప్పుడు దానిని తీసి ప్రక్కన పెట్టుచున్నారు.